మాత్ర శునకానికి, గుణం యజమానికి

చెన్నైలోని తెలుగు ఇళ్లలో, మరీ ముఖ్యంగా మాంబలం, మైలాపూరు, అన్నానగర్ ప్రాంతాల అపార్టుమెంట్లలో, వయసు మీరిన లాబ్రడార్ మోకాలికి ఇప్పుడు దక్కుతున్న గౌరవం అదే ఇంట్లో ఓ మూల కుర్చీలో కూర్చున్న బామ్మగారి మోకాలికి ఏనాడూ దక్కలేదన్నది నిర్వివాదాంశం. బామ్మగారికి అమృతాంజనం ఉన్నది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ప్రారంభించగా 1914లో మద్రాసుకు తరలివచ్చిన ఆ లేపనంతోనే ఇంట్లో మూడు తరాల కీళ్లు కిక్కురుమనకుండా సర్దుకుపోయాయి. లాబ్రడార్ బ్రూనోగారి కీళ్లకు అటువంటి పాతకాలపు వైద్యం తగదు. వారికి కీళ్లకు మేలని అమ్మే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రలు, చేపనూనె, న్యూజిలాండు తీరంలో పెరిగిన గ్రీన్ లిప్డ్ మసెల్ అనే ఆల్చిప్పల పొడి కావాలి. అవి కూడా ప్రతిరోజూ, వేళ తప్పకుండా, ఇంటిల్లిపాది కాఫీ కంటే ముందే అందాలి.

ఇందులో ఆచారపరమైన చిక్కు ఒకటి ఉన్నదని గిట్టనివారు అంటారు. గ్లూకోసమైన్‌ను చాలావరకు రొయ్యల, పీతల పెంకుల నుంచి తీస్తారు. కాండ్రాయిటిన్ పశువుల మృదులాస్థి నుంచో, సొరచేపల మృదులాస్థి నుంచో వస్తుంది. కోడిగుడ్డు గడప దాటి లోపలికి రాని ఇంట్లో, ఇవన్నీ దేవుడి గూటి కింది అలమరాలో, కుంకుమభరిణెకు జానెడు దూరంలో కొలువుతీరి ఉండటం ధర్మసమ్మతమేనా అన్నది వారి ప్రశ్న. సమ్మతమే. డబ్బాలో ఉన్నది మందు, మందుకు మైల అంటదు. అవే పెంకులు కాశిమేడు చేపల రేవు నుంచి బుట్టలో వస్తే మాత్రం వాచ్‌మన్ లిఫ్టు దగ్గరే ఆపేస్తాడు.

ఔషధసేవ జరిగే తీరు కూడా చూడదగినది. ఇంటి కోడలు మాత్రను ఇడ్లీ ముక్కలో పొదిగి, పైన నేతిబొట్టు వేసి, "తినరా కన్నా, మా నాన్నవు కదూ" అంటూ నోటికి అందిస్తుంది. బ్రూనోగారు ఇడ్లీని నమిలి, నేతిని నాకి, తడిసి మెత్తబడిన ఆ గోధుమరంగు బిళ్లను మాత్రం పెదవి అంచు నుంచి గ్రానైట్ నేల మీదికి సుతారంగా జారవిడుస్తారు. రెండో ఇడ్లీ వస్తుంది. దానిదీ అదే గతి. చివరికి పాలకోవాలో చుట్టి ఇస్తే బిళ్ల లోపలికి పోతుంది. కోడి లివరు రుచి కలిపామని డబ్బా మీద అచ్చువేసినవారు పాలకోవా సంగతి ఆలోచించినట్టు లేదు. "చూశారా అత్తయ్యా, ఇవాళ ఎంత చురుగ్గా లేచాడో!" అని కోడలంటే, "నిజమేనమ్మా, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలుస్తూనే ఉంది" అని అత్తగారు వంతపాడతారు. ఆయన లేచింది కోవా కోసమన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాదు.

ఇక శాస్త్రం సంగతి. కుక్కల, పిల్లుల కీళ్లవాతం మీద అప్పటివరకు జరిగిన ప్రయోగాలను జల్లెడపట్టి 2022లో వెలువడిన ఒక సమీక్ష, చేపనూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వులకు నొప్పిని తగ్గించే గుణం ఉన్నదని ఒప్పుకొన్నది. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ జంటకు ఆ గుణం లేదని మొహమాటం లేకుండా తేల్చింది. ఇది విని డబ్బాను అలమరా నుంచి దించబోయే తొందరపాటువారికి 2012 నాటి మరో పరిశోధనను గుర్తుచేయవలసి ఉన్నది. మందేమీ లేని ఉత్తుత్తి మాత్రలు మింగిన కుంటి కుక్కలు కాలి మీద మోపే భారాన్ని అందులో యంత్రంతో కొలిచారు. యంత్రానికి కనబడని మెరుగుదల యజమానుల కళ్లకు నూటికి దాదాపు 40 సార్లు కనబడింది. కుక్కను నడిపించి చూసిన పశువైద్యులకైతే 45 సార్లు కనబడింది. కాబట్టి మాత్ర పనిచేయదనడం అపచారం. అది బ్రహ్మాండంగా పనిచేస్తున్నది, కాకపోతే మింగేది ఒకరు, ఉపశమనం పొందేది మరొకరు. అందువల్ల డబ్బా మీది మోతాదును కుక్క బరువును బట్టి కాక, యజమాని బెంగను బట్టి ముద్రించాలని నా సవినయ ప్రతిపాదన. మామూలుగా దిగులుపడేవారికి పూటకు ఒకటి, డల్లాస్‌లో కూర్చుని వీడియోకాల్‌లో కుక్కను చూసుకుని కళ్లనీళ్లు పెట్టుకునే అబ్బాయికి రెండు.

ఒక్క విషయంలో మాత్రం వేళాకోళం పనికిరాదు. నొప్పి చూడలేక బామ్మగారి ఐబుప్రోఫెన్ బిళ్లను సగం విరిచి కుక్కకు వేసేవారున్నారు. దానితో కుక్క కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడతాయి, ప్రాణమే పోవచ్చు. నొప్పికి కుక్కల మందులు వేరే ఉన్నాయి, వాటిని డాక్టరే రాయాలి.

వేపేరిలో 1903 నుంచి పశువైద్య కళాశాల నడుస్తున్న నగరంలో డాక్టర్లకు కొదవ లేదు. వారిలో ఒకాయన బ్రూనోగారి పక్కటెముకల కోసం చేత్తో తడిమి, ఎంతకీ అవి దొరకకపోయేసరికి, తిండి నాలుగోవంతు తగ్గించమనీ, జారే గ్రానైట్ మీద చాపలు పరవమనీ చెప్పారు. ఆయన మాటకు ఆధారం ఉన్నది. కుక్కల తిండి అమ్ముకుని బతికే ప్యూరినా సంస్థే 48 లాబ్రడార్లను జతలుగా విడదీసి, జతలో ఒకదానికి 25 శాతం తక్కువ తిండి పెట్టి, 14 ఏళ్లు గమనించి, 2002లో ఫలితం ప్రకటించింది. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయువు 13 ఏళ్లు, కడుపునిండా తిన్నవాటిది 11.2 ఏళ్లు, పైగా తక్కువ తిన్నవాటికి కీళ్లవాతం కూడా ఆలస్యంగా వచ్చింది. తన సరుకు తక్కువ కొంటేనే మేలని తానే రుజువుచేసుకున్న ఇటువంటి వ్యాపారి మన పాండీబజారులో దొరకడు.

అయినా ఇంట్లో ఆ సలహా నెగ్గలేదు. చాపలు పరిస్తే హాలు అందం పోతుందని ఇంటాయన, నోరులేని బిడ్డ కడుపు మాడ్చమనేవాడు డాక్టరేమిటని అత్తగారు తీర్పు చెప్పారు. ఇప్పుడు వేరే డాక్టరుకు చూపిస్తున్నారు. ఆయన తిండి ఊసెత్తకుండా పసుపు సారంతో చేసిన మరో డబ్బా రాసి ఇచ్చాడు. హస్తవాసి చాలా మంచిదని అపార్టుమెంటు మొత్తం చెప్పుకుంటున్నది.