వర్సిటీ భూములంటే ఇంత అలుసా?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలో బుల్డోజర్లు ఆగాలంటే చివరికి సుప్రీంకోర్టే కల్పించుకోవాల్సి వచ్చింది. ఉగాది, రంజాన్ సెలవులు చూసుకుని రాత్రీ పగలూ చెట్లు కొట్టించిన ఆ తొందర ఏమిటో ఇప్పటికీ ఎవరూ సూటిగా చెప్పలేదు. ఆ 400 ఎకరాలు ప్రభుత్వానివే అన్న వాదన ఉంది, అంతకుముందు రాజేంద్రనగర్‌లో చెప్పినట్టు హైకోర్టుకు కొత్త భవనం కావాలన్నదీ నిజమే. కానీ భూమి కావాలనుకున్న ప్రతిసారీ సర్కారు కళ్లు ముందుగా యూనివర్సిటీ మీదే ఎందుకు పడుతున్నాయి?

ఇది మొదటిసారి కాదు. 2024 జనవరిలో రాజేంద్రనగర్ వ్యవసాయ వర్సిటీ విద్యార్థులు ఇదే మాట అడిగారు. హైకోర్టు కోసం 100 ఎకరాలు తీసుకోవద్దని రోడ్డెక్కారు. స్కూటీ మీద వెళ్తున్న మహిళా పోలీసులు ఓ విద్యార్థినిని జుట్టు పట్టి ఈడ్చిన వీడియో రాష్ట్రమంతా చూసింది. మార్చిలో శంకుస్థాపన కూడా అయిపోయింది. ఏడాది తిరిగేసరికి గచ్చిబౌలి వంతు వచ్చింది. ఒకచోట చెల్లింది కాబట్టే ఇంకోచోట ధైర్యం చేశారు, రేపు మరోచోట చేస్తారు.

ఆ రాజేంద్రనగర్ మళ్లలోనే తెలంగాణ సోనా అనే వరి వంగడం పుట్టింది. 2015లో విడుదలైంది. సాంబ మసూరి కోతకు రావాలంటే దాదాపు 145 రోజులు పడితే, ఇది 125 రోజులకే వస్తుంది. అంటే బోరు కింద సాగు చేసే రైతుకు సుమారు 20 రోజుల నీళ్లు, కరెంటు మిగిలినట్టే, పైగా అగ్గితెగులును తట్టుకుంటుంది కాబట్టి మందు ఖర్చూ తగ్గుతుంది. సాంబ మసూరి మాత్రం ఎక్కడిది? 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం ఇచ్చింది. ఒడిశా, బెంగాల్ దాకా వెళ్లిన స్వర్ణ 1982లో మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. అన్నీ వ్యవసాయ వర్సిటీ పొలాల్లో తయారైనవే. సుస్థిర అభివృద్ధి అని ప్రతి సదస్సులో పెద్దలు చెబుతున్నది దీని గురించే కదా!

ఒక వంగడం బయటికి రావాలంటే రెండు రకాలను క్రాస్ చేసి, తరం తర్వాత తరం మడిలో ఏరుకుంటూ పోయి, పలు కేంద్రాల్లో దిగుబడి చూసి, కొద్దికొద్దిగా విత్తనాల చిరుసంచులిచ్చి రైతుల పొలాల్లో పరీక్షించాలి, ఎనిమిది పదేళ్లు ఇట్టే గడిచిపోతాయి. ఆ నేలలో ఏ ఏడాది ఏం వేశారో, ఎంత ఎరువు పడిందో లెక్క ఉంటుంది. దాన్ని తీసేసుకుని "ఇంకా బోలెడు భూమి ఉంది కదా, అక్కడ చేసుకోండి" అంటే ఎలా? గచ్చిబౌలి అడవీ అంతే, పిట్టల మీద, మొక్కల మీద, చెరువుల మీద పనిచేసే పిల్లలకు అది నడిచి వెళ్లగలిగే ప్రయోగశాల.

అసలే ఏళ్ల తరబడి రెగ్యులర్ నియామకాలు లేక కాంట్రాక్టు అధ్యాపకులతో వర్సిటీలు నెట్టుకొస్తున్నాయి. పోస్టులు ఇవ్వరు, నిధులు ఇవ్వరు, మిగిలిన భూమినీ ఉంచరు. ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా ఇదే ఆనవాయితీ అయితే ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా ఏ పరిశోధన కేంద్రానికి భరోసా ఉంటుంది?

పరిశోధన భూములను సర్వే నంబర్లతో సహా నోటిఫై చేసి, శాసనసభ అనుమతి లేకుండా అంగుళం కూడా బదిలీ కాకుండా చట్టం తేవాలి. అది చేతకాకపోతే, ఇంకోసారి వర్సిటీ భూమి మీద జీవో ఇచ్చే ముందు ఏ మడి పోతోందో, అందులో ఏ పంట మీద ఎన్నేళ్లుగా పని జరుగుతోందో అదే జీవోలో రాసి సంతకం పెట్టండి.