పంట్ గారికి, ఒక గజం దూరం నుంచి

గౌరవనీయులైన పంట్ గారికి,

డాలస్ ఉత్తర శివార్ల నుంచి ఒక హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి తండ్రి నమస్కరించి వ్రాయునది. తమరెవరో తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: పది గజాలు ముందుకెళ్లడానికి జట్టుకి నాలుగు అవకాశాలు, వాటినే డౌన్లు అంటారు; నాలుగోది ఆడకుండా బంతిని దూరంగా తన్ని ఎదుటివాళ్లకి అప్పగించెయ్యడమే పంట్, అంటే తమరు. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని నిన్న రాత్రి కళ్లారా చూశాం.

జరిగింది మీకు మళ్లీ చెప్పనక్కర్లేదు, కానీ చెప్పకుండా ఉండలేను. నాలుగో క్వార్టర్. గడియారంలో ఐదు నిమిషాల చిల్లర. వాళ్లు 20, మేం 17. బంతి వాళ్ల 38 గజాల గీత మీద, అంటే వాళ్ల ఎండ్‌జోన్‌కి 38 గజాల దూరంలో. ఫోర్త్ డౌన్. కావలసింది ఒక్క గజం. అది కూడా నిండు గజం కాదు, రెండడుగుల పైచిలుకేనని నా పక్క సీటాయన బైనాక్యులర్స్‌లో చూసి మరీ చెప్పాడు. స్టాండ్స్ మొత్తం లేచి నిలబడింది. బ్యాండ్ పిల్లలు డ్రమ్ములు దంచుతున్నారు. ముందు వరసలో ఢీకొట్టే మా లైన్‌మెన్ ఐదుగురూ సైడ్‌లైన్ వైపు ఆశగా చూస్తున్నారు. కోచ్ గారు తన లామినేషన్ షీటును పైనుంచి కిందకి, కిందనుంచి పైకి చదివారు. అందులో వంద ప్లేలైనా (ఎత్తుగడలు) ఉంటాయి. వందా వదిలేసి మిమ్మల్ని పిలిచారు.

మీరు వచ్చారు. ఎంత ఠీవిగా వెళ్లారంటే తిన్నగా మైదానం చివరి ఎండ్‌జోన్‌లోకి. దాన్ని టచ్‌బ్యాక్ అంటారు. బంతిని తెచ్చి వాళ్లకి 20 గజాల గీత మీద ఇస్తారు. అంటే తమరి దయవల్ల మాకు దక్కింది 18 గజాలు. ఒక గజం వదులుకుంటే 18 వచ్చాయి, బేరం బాగానే ఉందిగా అనుకునే అమాయకుల కోసం చెప్తున్నా: ఆ తరవాత ఆట ముగిసేదాకా బంతి మళ్లీ మా చేతికి రాలేదు. గడియారం ఆపే టైమవుట్లు అంటారా? మూడో క్వార్టర్‌లోనే హరించుకుపోయాయి. ఒకటి మైదానంలో పదిమందే ఉన్నారని, ఇంకోటి పన్నెండుమంది ఉన్నారని. మూడోది ఎందుకో కోచ్ గారికే తెలియాలి.

గజం విలువ మాకా చెప్పేది? ప్రహరీ గోడ గజం లోపలికి జరిగిందని అన్నదమ్ములు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం. సర్వేయర్‌ని పిలిపించి, గొలుసు పట్టించి, హద్దురాళ్లు పాతించి, రాత్రికి రాత్రి అవి జరిగిపోకుండా మంచం వేసుకుని పడుకున్న జాతి మాది. ఆ గొలుసు ఇక్కడా కనబడేసరికి నాకు ఈ ఆట మీద ప్రేమ పుట్టింది. చారల చొక్కాల వాళ్లు పదిగజాల గొలుసు పట్టుకొచ్చి, నేల మీద సాగదీసి, అంగుళాల్లో తేల్చేస్తుంటే ఇదేదో మనవాళ్ల ఆటే అనిపించింది. అలాంటిది ఆ గొలుసు దాకా కూడా వెళ్లకుండా, గజం భూమిని ఎదుటివాడికి రాసిచ్చేసి, పైగా చప్పట్లు కొట్టమంటారా?

ఎదుటివాళ్లని చూసైనా నేర్చుకోవాలిగా. నిన్నటి ప్రత్యర్థులది స్లాట్-టీ అనే పాతకాలపు పరుగుల పద్ధతి. పాత చింతకాయ పచ్చడి అని బూస్టర్ క్లబ్ (జట్టుకి అండగా ఉండే తల్లిదండ్రుల సంఘం) మీటింగులో మేమంతా నవ్వుకున్నదే. లైన్‌మెన్ భుజానికి భుజం ఆనించి నిలబడతారు. వెనకాల బంతి పట్టుకుని పరిగెత్తే ముగ్గురు బ్యాక్స్. ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ ఒకడికి ఇచ్చినట్టు నటిస్తాడు, ఇంకొకడికి ఇస్తాడు, ముగ్గురూ నడుం వంచి పొట్ట పట్టుకుని మూడు దిక్కులకి పరిగెడతారు. బంతి ఎవరి దగ్గరుందో మా డిఫెన్స్‌కే కాదు, మైకులో చెప్పే ఆయనకి కూడా అర్థం కాదు. (ఆయనకి మా ఇంటిపేరూ అర్థం కాదు. ప్రతి వారం కొత్త పేరు పెడతాడు.) వాళ్లు పాస్ వెయ్యడం బహు అరుదు. ఒక్కో ప్లేకి మూడు గజాలు. ఇదేం ఆటరా బాబూ అని మేం ఆవలిస్తుంటాం. మూడు, మూడు, మూడు, ఇంకో మూడు: పన్నెండు. పది దాటింది, మళ్లీ కొత్తగా ఫస్ట్ డౌన్! వాళ్ల లెక్కలో నాలుగో డౌన్ కూడా డౌనే. నిన్న చివరి ఐదు నిమిషాలూ వాళ్లు చేసింది ఈ ఎక్కాలే. లిబర్టీ హిల్ అనే చిన్న ఊరి బడి ఇదే స్లాట్-టీతో 2006లోనూ 2007లోనూ టెక్సాస్ స్టేట్ టైటిల్ కొట్టింది. పచ్చడి పాతదైతేనేం.

టోల్‌వే అవతలి బడిది దీనికి పూర్తిగా రివర్స్. స్ప్రెడ్. పాస్ అందుకునే నలుగురు రిసీవర్లను మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి పరిచేస్తారు. ప్లేకి ముందు గుమిగూడి మాట్లాడుకునే హడిల్ అనేది ఉండదు. సైడ్‌లైన్ మీద పిల్లలు బొమ్మల బోర్డులు ఎత్తుతారు, ఒకదాంట్లో పిజ్జా ముక్క, ఇంకోదాంట్లో ఏదో కార్టూన్. ఏది అసలు, ఏది టోపీయో వాళ్లకే తెలుసు. మనం నాచోస్ మీద చీజ్ సర్దుకునేలోగా రెండు ప్లేలు అయిపోతాయి. (ఆ నాచోస్ ధర గురించి ఇంకో ఉత్తరం రాస్తాను, వేరే చిరునామాకి.) ఇలాంటి ఆటకి బీజాలు పడింది కూడా హైస్కూళ్లలోనే. 1958లో ఒహాయోలోని మిడిల్‌టౌన్‌లో టైగర్ ఎలిసన్ అనే కోచ్, ఓటములతో విసిగిపోయి, ఉన్న ఫార్మేషన్‌ని పక్కనపెట్టి ఆటగాళ్లని మైదానమంతా చెల్లాచెదురుగా నిలబెట్టాడు. 80ల చివర్లో మన టెక్సాస్‌లోనే కాపరస్ కోవ్ హైస్కూల్లో హాల్ మమ్మీ బంతిని గాల్లోకి లేపడం మొదలెట్టాడు. తరవాత మైక్ లీచ్‌తో కలిసి దాన్నే ‘ఎయిర్ రెయిడ్’గా తీర్చిదిద్దాడు. ఎలిసన్, మమ్మీ ఇద్దరూ అప్పటికి జీతాల కోసం భయపడాల్సిన హైస్కూల్ కోచ్‌లే. అయినా భయపడలేదు.

స్ప్రెడ్ గొప్పదా, రన్ గొప్పదా అని ఇక్కడ తండ్రులు బార్బెక్యూ పొగలో అర్ధరాత్రి దాకా కొట్టుకుంటారు. నా మట్టుకు ఆ గొడవ 2003లోనే తేలకుండా తేలిపోయింది. టాడ్ డాడ్జ్ కోచింగులో సౌత్‌లేక్ క్యారల్ హైస్కూల్ జట్టు 2002 నుంచి 2006 దాకా 80 ఆటలాడి 79 గెలిచింది, నాలుగు స్టేట్ టైటిళ్లు ఎగరేసుకుపోయింది. స్ప్రెడ్ అంటే అదీ. ఓడిన ఆ ఒక్కటీ 2003 ఫైనల్లో, కేటీ అనే హైస్కూల్ చేతిలో, 16-15 తేడాతో. కేటీ అంటే రన్, డిఫెన్స్. ఒక్క పాయింటు! రెండు దారులూ అక్కడికే పోతాయన్నమాట. మధ్యలో దిగిపోయేవాళ్లే ఎక్కడికీ పోరు.

మా జట్టుది ఏ దారి అని అడిగితే కోచ్ గారు ఆగస్టులో ఒకే మాట చెప్పారు: ‘మాది మల్టిపుల్ అఫెన్స్.’ తల్లిదండ్రులందరం తలలూపాం. మల్టిపుల్ అంటే ఏమిటో సెప్టెంబరుకల్లా తెలిసొచ్చింది. ఫస్ట్ డౌన్‌లో నడిమధ్యకి రన్, ఒక గజం. సెకండ్ డౌన్‌లో మళ్లీ నడిమధ్యకే, ఈసారి ఇంకొక గజం. థర్డ్ అండ్ ఎయిట్‌లో (మూడో డౌన్, ఇంకా ఎనిమిది గజాలు కావాలి) పక్కనే ఉన్నవాడికి స్క్రీన్ పాస్, అది గీతకి మూడు గజాల వెనకే పట్టుకోవాలి. ఆ తరవాత మీరు. మల్టిపుల్‌లో ప్రతి వారం మారకుండా ఉన్నది మీరొక్కరే. స్ప్రెడ్ వాళ్లకి క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు, స్లాట్-టీ వాళ్లకి ఫుల్‌బ్యాక్ ఉన్నాడు, మాకు మీరున్నారు.

1912లో ఈ ఆట రూల్స్ మార్చారు. అప్పటిదాకా పది గజాలకి మూడే డౌన్లు, ఆ ఏడాది నుంచి నాలుగు. నూరేళ్లు దాటింది. ఆ కబురు మా కోచ్ గారికి ఇంకా అందినట్టు లేదు, ఎవరైనా వాట్సాప్ చేస్తే బాగుండు. బర్కిలీలో డేవిడ్ రోమర్ అనే ఎకనామిక్స్ ప్రొఫెసర్ ఎన్.ఎఫ్.ఎల్. (ఇక్కడి ప్రొఫెషనల్ లీగ్) ఆటల లెక్కలు తవ్వి, నాలుగో డౌన్‌లో కోచ్‌లు అవసరానికి మించి తన్నేస్తున్నారని 2006లో పేపర్ అచ్చేశాడు. ప్రొఫెసర్ల మాట వదిలేయండి. ఇక్కడికి కారులో ఐదు గంటల దూరంలో లిటిల్ రాక్ ఉంది. అక్కడ పులాస్కీ అకాడమీ అనే హైస్కూల్లో కెవిన్ కెల్లీ అనే కోచ్ దాదాపుగా మిమ్మల్ని గడప తొక్కనివ్వలేదు. ఫోర్త్ అండ్ వన్ కాదు, ఫోర్త్ అండ్ టెన్ అయినా ఆడేసేవాడు. కిక్‌ఆఫ్ కూడా ఆన్‌సైడే, అంటే కాస్త దూరమే తన్ని బంతిని మళ్లీ తామే లాక్కునే రకం. 2011లో ఒక ఆటలో అవతలి జట్టు బంతిని ముట్టుకునేలోపే స్కోరు 29-0. మొత్తం తొమ్మిది స్టేట్ టైటిళ్లు. మా కోచ్ గారు ఒక్కసారి అక్కడిదాకా వెళ్లొస్తానంటే గ్యాస్ ఖర్చు నాది, దారిలో టిఫిన్ కూడా నాదే.

అదే కెల్లీ 2021లో ఒక కాలేజీ జట్టుకి కోచ్‌గా వెళ్లి రెండు గెలిచి తొమ్మిది ఓడాడని మీ తరఫు లాయర్లు అంటారని తెలుసు. అననివ్వండి. మిమ్మల్ని పూర్తిగా బహిష్కరించమని నేనూ అనడం లేదు. మా ఎనిమిది గజాల గీత మీద ఫోర్త్ అండ్ సెవెన్టీన్ అయితే రండి, ఎర్ర తివాచీ పరుస్తాను. కానీ నిన్న? ఒక్క గజం దగ్గర? ఎదుటివాడి ఇలాకాలో? మూడు పాయింట్లు వెనకబడి, గడియారం కారిపోతుంటే? అసలు పిలవగానే ఎగేసుకుని ఎలా వచ్చావు నువ్వు? సిగ్గనిపించలేదా? జూన్ ఎండల్లో ఆ లైన్‌మెన్ పిల్లలు పొద్దున్నే ఆరింటికి వెయిట్ రూమ్‌కి వెళ్లి ఇనుము మోసింది దేనికి? ఒక్క గజం తొయ్యడానికి. ‘మీ వల్ల కాదులేరా’ అని అందరి ముందూ వాళ్ల మొహాన చెప్పడమే నీ పని. ఓడిపోవడం వేరు. ఆడి ఓడితే పిల్లలు కారులో ఏడుస్తారు, మర్నాటికి మర్చిపోతారు. నిన్న మాత్రం ఎవరూ ఏడవలేదు. ఊరికే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

క్షమించండి, గొంతు లేచింది. మళ్లీ మర్యాదలోకి వస్తున్నాను. రాక తప్పదు కూడా, ఎందుకంటే మీకూ మాకూ చుట్టరికం ఉంది. నిన్న ఆ బంతిని తన్నింది మావాడే.

చిన్నప్పటి నుంచి సాకర్ ఆడినవాడు తొమ్మిదో తరగతిలో ఫుట్‌బాల్ కోచ్ కంట పడ్డాడు. మా ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది: ఎవడూ పిల్లాడి మీద పడకూడదు. రూల్స్ తిరగేస్తే అలాంటి ఉద్యోగం మీ దగ్గరే దొరికింది. తన్నేవాణ్ని గట్టిగా గుద్దితే 15 గజాల పెనాల్టీ అట, ఆవిడకి ఫుట్‌బాల్ రూల్స్‌లో నోటికొచ్చింది అదొక్కటే. కాలేజీలు ఆస్ట్రేలియా నుంచి కూడా పంటర్లను రప్పించుకుంటున్నాయని ఎక్కడో విన్నప్పటి నుంచి స్కాలర్‌షిప్ కలలు కూడా మొదలయ్యాయి. అప్పట్నుంచి మా ఇంట్లో పరిస్థితి చూడండి: థర్డ్ డౌన్ కూడా దెబ్బతింటే స్టాండ్స్ అంతా ‘అయ్యో’ అంటుంది, మా ఆవిడ ఫోన్ కెమెరా ఆన్ చేస్తుంది.

ఆట అయ్యేసరికి తెనాలిలో శనివారం తెల్లారుతుంది. అమ్మ కాఫీ తాగుతూ ఫోన్ చేస్తుంది.

‘ఏరా, పిల్లాడు ఎన్నిసార్లు తన్నాడు?’

‘ఏడుసార్లమ్మా.’

‘నా బంగారు తండ్రి! పోయినవారం రెండేగా!’

పోయినవారం మేం గెలిచామని ఆవిడకి ఎలా చెప్పను?

వాడి దగ్గర నేను ఇవేమీ అనను. వాడు తన పని శుభ్రంగా చేశాడు. నిజానికి ఆ కాలికి బలం కాస్త తక్కువై ఉంటే బంతి పది గజాల దగ్గరే ఆగి ఉండేది. చక్కగా తన్నినందుకు నష్టపోయే ఆట ఇదొక్కటే కాబోలు. ఇంటికొచ్చాక సాంబారన్నం తింటూ, ‘నాన్నా, మనం ట్రై చేసి ఉండాల్సింది కదా?’ అన్నాడు. పంటర్ నోట ఆ మాట విన్నారా తమరు? మీ సొంత మనిషి!

వచ్చే శుక్రవారం టోల్‌వే అవతలి వాళ్లతో ఆట. వాళ్లు యాభై పాయింట్లు కొట్టేలా ఉన్నారు, మేం బంతి వదులుకునే స్థితిలో లేం. కాబట్టి మనవి ఏమనగా, ఫోర్త్ అండ్ వన్ వస్తే, కోచ్ గారు ఎంత పిలిచినా కడుపునొప్పి అని చెప్పి బెంచీ మీదే కూర్చోగలరు. మా ఆవిడని నేను ఎలాగోలా సముదాయించుకుంటాను.

ఇట్లు,
మీ కుటుంబ సభ్యుడు కాక తప్పని
పంటర్ నాన్న

తా.క.: మావాడు ఈ వారం కాఫిన్ కార్నర్ (ఎండ్‌జోన్ ముందు మూలకి గురిపెట్టి తన్నడం) ప్రాక్టీస్ చేస్తున్నాడు. పెరట్లో రెండు చెత్తడబ్బాలు పెట్టి వాటి మధ్యకి తన్నుతున్నాడు, కంచెకి ఇప్పటికే రెండు పలకలు ఊడాయి. వాళ్ల 38 నుంచి మళ్లీ రావాల్సే వస్తే, బుద్ధిగా ఐదో గజం దగ్గర సైడ్‌లైన్ బయటికి పో. ఎండ్‌జోన్ వైపు చూశావో, ఈసారి ఉత్తరం రాయను, గొలుసు పట్టుకుని నేనే వస్తాను.