గోదావరి ఎటు మొగ్గితే ప్రభుత్వం అటేనా?

ఎన్నికలు దగ్గరపడితే చాలు, మా భీమవరం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది: "ఉభయ గోదావరి ఎవరిదైతే అధికారం వాళ్లదే. కాపు ఓటు గంపగుత్తగా అటు తిరిగితే ప్రభుత్వం మారినట్టే. అనుమానం ఉంటే పందేల రేటు చూసుకోండి." మనకి గర్వంగా ఉండే మాటే, కాదనను. లెక్కకి మాత్రం నిలబడదు.

ఉమ్మడి జిల్లాలు రెండూ కలిపి 34 అసెంబ్లీ సీట్లు. 2014లో టీడీపీ-బీజేపీకి 28, 2019లో వైసీపీకి 27, 2024లో మొత్తం 34 టీడీపీ-జనసేన-బీజేపీ కూటమికే. ఇక్కడ నెగ్గినవాళ్లే మూడుసార్లూ రాష్ట్రాన్ని ఏలారు, నిజమే. ఇప్పుడు ఈ 34నీ పక్కన పెట్టండి. రాష్ట్రంలోని 175లో మిగిలిన 141లో మెజారిటీకి 71 కావాలి. 2014లో టీడీపీ-బీజేపీకి అక్కడే 78 ఉన్నాయి, 2019లో వైసీపీకి 124, 2024లో కూటమికి 130. అంటే మన దగ్గర పోలింగే జరక్కపోయినా మూడుసార్లూ అదే ముఖ్యమంత్రి. 2014లో మాత్రం మన వాటా కాస్త గట్టిదే: వైసీపీ మీద బయట 16 సీట్లే ఉన్న ఆధిక్యాన్ని ఇక్కడి ఫలితం 39కి తీసుకెళ్లింది. గెలుపు సుఖమైంది, అంతవరకే.

ఇక గంపగుత్త సంగతి. అదే నిజమైతే 2009లో కాపు వర్గానికే చెందిన చిరంజీవి, ప్రజారాజ్యం అధినేతగా నిలబడి పాలకొల్లులో ఎలా ఓడిపోయారు? సొంతూరు మొగల్తూరు పక్కనే ఉంది. ఆయన్ని గెలిపించింది తిరుపతి. అసలు ఏ కులం ఎటు వేసిందో ఈవీఎం చెప్పదు, ఎన్నికల అధికారులిచ్చే లెక్కింపు పత్రం ఫారం 20లో ఉండేది బూత్ వారీ ఓట్లే. ఫలితం వచ్చిన మర్నాడు టీవీల్లో కులాల వారీ శాతాలు చెప్పేవాళ్ల ధైర్యం మెచ్చుకోవాలి.

భీమవరాన్నే చూడండి. 2019లో వైసీపీ గ్రంధి శ్రీనివాస్‌కి 70 వేల పైచిలుకు, జనసేన పవన్ కల్యాణ్‌కి 62 వేల పైచిలుకు, టీడీపీ పులపర్తి రామాంజనేయులుకి 54 వేలు. చివరి రెండూ కలిపితే 1,16,000 దాటుతుంది. ఆ మూడో స్థానంలో నిలిచిన పులపర్తి గారే 2024లో జనసేన గాజు గ్లాసు మీద పోటీ చేసి భారీగా గెలిచారు. పొత్తులో ఓట్లన్నీ అచ్చంగా బదిలీ అవుతాయని కాదు. కానీ ఒక్క ఓటరూ మనసు మార్చుకోకుండానే ఇక్కడ ఫలితం తిరగబడేంత తేడా ఉంది. జనం ఎందుకు మారారని అడిగే ముందు, పార్టీలు ఎలా నిలబడ్డాయో చూడాలి కదండీ.

మారినవాళ్లూ ఉన్నారు. వైసీపీ ఓటు రాష్ట్రంలో దాదాపు 50 శాతం నుంచి 39 చిల్లరకి పడింది. సీట్లు 151 నుంచి 11కి పడ్డాయి. సీట్లే చూసి జనమంతా తిరగబడ్డారనుకుంటాం, పదిమందిలో నలుగురు మళ్లీ ఫ్యానుకే వేశారని మర్చిపోతాం.

ఇందుకే జోస్యాలూ తప్పుతాయి. సర్వేలు చెప్పే మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ 2019లో టీడీపీకి వంద అటూ ఇటూగా అన్నారు, వచ్చినవి 23. 2024లో గెలుపెవరిదో సరిగ్గా చెప్పిన ఎగ్జిట్ పోల్ సంస్థ యాక్సిస్ మై ఇండియా కూడా కూటమికి 98 నుంచి 120 అంది, వచ్చినవి 164. ఓట్లు నాలుగు శాతం అటూ ఇటూ అయితే సీట్లు పదులకొద్దీ మారతాయి. ఇక పందేల రేటంటారా, డబ్బు ఎటు ఎక్కువ పడిందో చెబుతుంది, ఓటు ఎటు పడిందో కాదు. అది ఎప్పుడూ తప్పలేదని మనకి అనిపించడానికి కారణం వేరే: గెలిచినవాడు టీ కొట్టు దగ్గర కూర్చుని అందరికీ చెబుతాడు, ఓడినవాడు ఇంట్లో కూడా చెప్పడు.