పంపింగ్ తగ్గిన గుండెకు మంచమే మందా?

మా బంధువుల వాట్సాప్ బృందంలో ఒక సందేశం తిరుగుతోంది. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవారు నడవకూడదట, గుండెకు పూర్తి విశ్రాంతి ఇవ్వాలట. సైంధవ లవణమైతే ఎంత తిన్నా హాని లేదట. రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగితే ఒంట్లో చేరిన నీరు కడుక్కుపోతుందట. కొబ్బరినీళ్లు గుండెకు అమృతమట. మా నాన్నగారికి ఆరేళ్లుగా ఈ జబ్బు ఉంది. అది చదివి ఆయన రెండు రోజులు నడక మానేశారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు విశ్రాంతి సంగతి. కొన్ని దశాబ్దాల క్రితం వైద్యులు కూడా మంచం దిగవద్దనే చెప్పేవారు. ఈ భయానికి మూలం అదే. కానీ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు, ఒంటికి కావలసినంత రక్తాన్ని అందించలేకపోవడం. మంచం మీదే ఉంటే కాళ్ల కండరాలు కరిగిపోతాయి. అప్పుడు స్నానాల గది దాకా వెళ్లినా ఆయాసమే. పంపింగ్ (గుండె ప్రతి స్పందనకూ తనలోని రక్తంలో బయటికి నెట్టే వాటా) 35 శాతం, అంతకన్నా తక్కువ ఉన్న 2,331 మందితో అమెరికా, కెనడా, ఫ్రాన్స్‌లలో జరిపిన హెచ్‌ఎఫ్-యాక్షన్ అధ్యయనం 2009లో వెలువడింది. క్రమబద్ధమైన వ్యాయామం వారికి సురక్షితమేనని తేలింది. ఆయుష్షు పెరిగిందని స్పష్టంగా తేలకపోయినా, రోజువారీ బతుకు కాస్త తేలికైంది. నాకు అదే పెద్ద సంగతి. నాన్నగారు డాక్టరును అడిగి, వరండాలో ఐదు నిమిషాలతో మొదలుపెట్టారు. ఇప్పుడు ఇరవై ఐదు నిమిషాలు నడుస్తారు. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట తెగిపోతుంటే వేగం తగ్గించాలి. పడుకుంటే ఊపిరాడకపోవడం, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, కొత్తగా వాపు ఉన్న రోజుల్లో మాత్రం నడక ఆపి వెంటనే వైద్యులకు చెప్పాలి.

ఇక సైంధవ లవణం. రంగు మారినంత మాత్రాన గుణం మారదు. అందులోనూ తొంభై పాళ్లకు పైగా సోడియం క్లోరైడే. బలహీనమైన గుండె నుంచి రక్తం తక్కువగా అందితే, ఒంట్లో నీరు తగ్గిందని మూత్రపిండాలు పొరబడి ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. సాయంత్రానికి చెప్పులు బిగుసుకుపోవడం, రాత్రి ఆయాసం లేకుండా పడుకోవడానికి రెండో దిండు కావలసి రావడం అందుకే. అందరికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దే రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు. మన ఆవకాయ, అప్పడం, చల్ల మిరపకాయ ఒకే భోజనంలో కలిస్తే ఆ హద్దులో చాలా భాగం అక్కడే అయిపోతుంది. అలాగని చప్పిడి కూడు పెట్టి ఆకలి చంపనక్కరలేదు. సోడియాన్ని రోజుకు 1,500 మిల్లీగ్రాముల లోపుకు (ఉప్పు లెక్కన నాలుగు గ్రాముల లోపే) దించాలని చూసినా మరణాలు, ఆసుపత్రి చేరికలు తగ్గలేదని 2022లో వచ్చిన సోడియం-హెచ్‌ఎఫ్ అధ్యయనం చెప్పింది. మా ఇంట్లో ఊరగాయ జాడీ భోజనాల బల్ల మీద నుంచి అటక ఎక్కింది, కూరల్లో నిమ్మరసం, చింతపండు, ధనియాలు పెరిగాయి, అంతే.

నాలుగు లీటర్ల నీళ్ల సలహా అన్నిటికన్నా ప్రమాదకరం. బయటికి పోలేక ఊపిరితిత్తుల్లో, కాళ్లలో నిలిచిన నీటికి ఇంకా నీరు తోడు చేయడమేమిటి? నిలకడగా ఉన్నవారు దాహం వేసినంత తాగవచ్చని కొత్త పరిశోధనలు అంటున్నాయి. దాహానికి తాగడం వేరు, లెక్కపెట్టుకుని నాలుగు లీటర్లు పోసుకోవడం వేరు. ఎవరికెంతో వారి డాక్టరే చెప్పాలి.

కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. తక్కువ సోడియం అని అమ్మే ఉప్పులోనూ అంతే. రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ వంటి మందులు వాడేవారి రక్తంలో అసలే పొటాషియం పెరిగే వీలుంది, అది హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది. అడగకుండా రోజూ తాగవద్దు.

ఒంట్లో నీరు చేరుతోందని పట్టిచ్చేది బరువు, కానీ అంత పొడుగు సందేశంలో బరువు తూచుకోమన్న మాటే లేదు. పోయిన సంక్రాంతికి నాన్నగారు చేగోడీలు, పులిహోర కాస్త ఎక్కువే తిన్నారు. రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లివచ్చి, టిఫిను తినకముందు తూచుకుని క్యాలెండరులో రాసే అంకె మూడు రోజుల్లో 71.2 నుంచి 73.4కు చేరింది. మడమ పైన బొటనవేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు పూడలేదు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోను చేయమని డాక్టరు ముందే చెప్పి ఉంచారు. చేశాం. నీరు పోయే మాత్ర మోతాదు మార్చారు. ఐదో రోజుకు అంకె మళ్లీ 71 దగ్గరికి వచ్చింది, ఆ సాయంత్రం ఆయన వరండాలో నడిచారు.