చింతపండు పులుసులో రెగ్యులేటర్

మా అమ్మ దృష్టిలో లోహాలు రెండే రకాలు. చింతపండుతో తోమేవి, బూడిదతో తోమేవి. నీళ్ళ అడుగున సిలిండర్ గాలి పీల్చుకోడానికి నేను అరవై వేలు పోసి కొన్న స్కూబా రెగ్యులేటర్ మొదటి రకంలోకి వస్తుందని ఆ ఆదివారం దాకా నాకు తెలియదు.

విశాఖలో పుట్టి సముద్రాన్ని మొక్కజొన్న పొత్తు నములుతూ ఒడ్డు మీంచి చూడడమేనా అని, నలభయ్యో ఏట ఋషికొండలో డైవింగ్ నేర్చుకున్నాను. నేర్చుకుని ఊరుకోవచ్చు కదా! అద్దె రెగ్యులేటర్‌ని నాకంటే ముందు ఎంతమంది కొరికారో అన్న ఆలోచన ఒకటి పుట్టింది. దాంతో సొంతది కొన్నాను. ఇంట్లో మాత్రం పన్నెండు వేలని చెప్పాను.

"ఏం చేస్తుందిరా ఇది?" అని అమ్మ అడిగిన రోజు నాకు పండగే. స్కూటర్ టైరులో గాలి ఒత్తిడి రెండు బార్లు ఉంటే, డైవింగ్ సిలిండర్‌లో రెండు వందల బార్లు ఉంటుందని, దాన్ని ఫస్ట్ స్టేజ్ పది బార్ల దాకా దించుతుందని, నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ మనం పీల్చినప్పుడు, పీల్చినంత మాత్రమే ఇస్తుందని వివరించాను. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క గ్యాసుతో నడిపే కార్ల కోసం ఎమీల్ గాన్యాన్ అనే ఫ్రెంచి ఇంజినీరు తయారు చేసిన పరికరాన్నే నౌకాదళ అధికారి జాక్ కూస్తోతో కలిసి 1943 నాటికి నీళ్ళలోకి దించారని కూడా చెప్పాను.

"అయితే కారు సామానా" అంది అమ్మ, చిక్కుడుకాయల నార తీస్తూ.

దీనికి చేయాల్సిన సేవ పెద్దదేం కాదు. గాలి వచ్చే దారికి డస్ట్ క్యాప్ బిగించి, మంచినీళ్ళలో కాసేపు నానబెట్టి, నీడలో ఆరబెట్టాలి. మొదటి మూడు డైవులకీ అభిషేకం చేసినంత భక్తిగా చేశాను. నాలుగోసారి "రేపు చూద్దాం" అనుకున్నాను. ఆ రేపు నెలన్నర నడిచింది. బ్యాగు విప్పితే గొట్టాల చివర ఉప్పు పంచదార పలుకుల్లా గడ్డకట్టి ఉంది. సిలిండర్‌కి బిగించే కొక్కెం దగ్గర మెరుగు పోయి, వేలిగోరంత మేర పచ్చగా చిలుము!

గబగబా బకెట్‌లో నీళ్ళు పట్టి పడేశాను. డస్ట్ క్యాప్ పెట్టాను కూడా. దాని స్క్రూ బిగించబోతుంటే ఫోన్ మోగింది. మాట్లాడుతూ మాట్లాడుతూ మంచం మీదికి చేరాను. ఆదివారం మధ్యాహ్నం మంచం మీదికి చేరిన మనిషి ఏమవుతాడో మీకు చెప్పక్కర్లేదు.

లేచేసరికి బకెట్ ఖాళీ. మేడ మీద, ఊరమిరపకాయల పళ్ళెం పక్కన, దండెం మీద, మండుటెండలో వేలాడుతోంది నా రెగ్యులేటర్. పెళ్ళినాటి మరచెంబులా ధగధగలాడుతోంది.

"ఇత్తడి సామాను కొని ఇంత చిలుము పట్టించావేంట్రా!" అంది అమ్మ. అది ఇత్తడేనని నేనామెకి ఎప్పుడూ చెప్పలేదు. నిజానికి ఇత్తడే. పైన క్రోమ్ పూత, అంతే. నేను మాన్యువల్ చదివి తెలుసుకున్న సంగతి ఆవిడ గోటితో గీకి కనిపెట్టింది.

"గుప్పెడు చింతపండు పిసికి పట్టించానురా. ఆ గుండ్రటి దాని మీద బటనుంటే నీళ్ళలో నొక్కి చూశా. బుడగలొచ్చాయి. లోపల మురికి పోతోంది కదా అని ఓ పాతిక సార్లు నొక్కా. రబ్బరు ఎండకి పగలకుండా కొబ్బరినూనె రాశా."

సిలిండర్‌కి తగిలించకుండా నీళ్ళలో ఆ బటన్ నొక్కకూడదు. నొక్కితే కవాటం తెరుచుకుంటుంది, నీళ్ళు గొట్టం వెంట ఫస్ట్ స్టేజ్ దాకా వెళ్ళిపోతాయి. అటు పక్క ఊడిపోయిన మూత ఎలాగూ ద్వారాలు తెరిచే ఉంచింది. ఈ సంగతులన్నీ అమ్మకి చెబుదామని నోరు తెరిచాను. "మూత నువ్వే కదా పెట్టావు?" అంది. మూసుకున్నాను.

కుళాయి కింద రెండుసార్లు కడిగి, దేవుడికి వదిలేసి, తర్వాతి ఆదివారం ఋషికొండ పట్టుకెళ్ళాను. మాకు డైవింగ్ నేర్పిన కుర్రాడు తెల్ల టీషర్టులో ఉన్నాడు. ముందే చెప్పాల్సింది. "కొత్తదాన్లా మెరుస్తోంది సార్!" అంటూ సిలిండర్‌కి బిగించి, వాల్వు తిప్పి, మొహం దగ్గరగా పెట్టుకుని బటన్ నొక్కాడు.

బుస్సుమంది. ముందు గోధుమరంగు తుంపర వచ్చింది, దాని వెనకాలే చింతపండు పీచు. ఆ తర్వాత గాలి ఎంతకీ ఆగలేదు, త్రాచుపాములా బుసకొడుతూనే ఉంది. కుర్రాడు వాల్వు కట్టేసి, పెదవి మీద పడినదాన్ని నాలుకతో చూసి, "సార్... ఇది చారా?" అన్నాడు.

తర్వాత టార్చి వేసి ఫస్ట్ స్టేజ్ నోట్లోకి చూపించాడు. అక్కడో చిన్న ఫిల్టరు ఉంటుంది, బొత్తాం అంత. ఉప్పునీళ్ళు లోపలికెళ్తే దానికి పచ్చరంగు వస్తుంది. నాది గోంగూర రంగులో ఉంది. ఎవరు చేశారని అడిగితే "పనమ్మాయి" అన్నాను. మా ఇంట్లో పనమ్మాయి లేదు.

వేరే ఊళ్ళో సర్వీసింగ్ చేసేవాళ్ళకి కొరియర్ చేశాను. అక్కడ మొత్తం విప్పి, ఇత్తడి ముక్కల్ని పల్చటి ఆమ్లంలో వేసి, అల్ట్రాసోనిక్ యంత్రంలో పెట్టి కడుగుతారు. ఓ-రింగులనే రబ్బరు చుట్టలు కొత్తవి వేసి సిలికాన్ గ్రీజు రాస్తారు. ఇదంతా ఇంట్లో చెప్పడం నాదే తప్పు.

"ఆమ్లమంటే పులుపే కదరా?" అంది అమ్మ.

"విప్పి చేస్తారమ్మా."

"నాకూ విప్పి ఇవ్వాల్సింది."

ఓ-రింగంటే కుక్కర్ గ్యాస్కెట్ లాంటిదేనని తెలిసి, కొన్నాళ్ళు ఫ్రిజ్‌లో పెట్టి చూడకూడదా అని కూడా అడిగింది.

నాలుగు రోజులకి, అందరం భోజనాల దగ్గరుండగా ఫోనొచ్చింది. చేతికి పప్పు ఉందని స్పీకర్‌లో పెట్టాను. "సర్వీసు, సామాను కలిపి పదకొండు వేల ఐదొందలవుతుంది సార్, చేసేయమంటారా?"

మా ఆవిడ గరిటె పట్టుకుని ఆగింది.

"ఏమండీ, ఇంకో ఐదొందలు వేస్తే కొత్తదే వస్తుంది కదా. అది వాళ్ళనే ఉంచుకోమనండి."