కడుపునొప్పికి సూది వేసే ముందు ఐఎన్ఆర్ చూడండి

గుండె కవాటం మార్పించుకుని రక్తం గడ్డకట్టకుండా రోజూ అసిట్రోమో, వార్ఫరినో వేసుకునే మనిషికి ఉన్నట్టుండి కడుపునొప్పి, వాంతులు మొదలవుతాయి. విరేచనంలో రక్తం కనిపించదు కాబట్టి గ్యాస్ అనుకుంటారు. పొరపాటు అక్కడే జరుగుతోంది. రక్తం బయటికి రాకుండా పేగు గోడ పొరల మధ్యే చేరవచ్చు. ఎక్కువగా చిన్నపేగులోని జెజునం భాగంలో ఇలా జరుగుతుంది. గోడ ఉబ్బి దారి మూసుకుపోతుంది.

కారణం చాలాసార్లు మందుల చీటీలోనే ఉంటుంది. విరేచనాలకని మెడికల్ షాపులో కొనుక్కున్న మెట్రోనిడజోల్, వార్ఫరిన్‌ను కాలేయం విరగ్గొట్టకుండా అడ్డుపడుతుంది. రోజువారీ మాత్ర మోతాదు మారకపోయినా ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే అంకె) కొద్దిరోజుల్లోనే ఎగబాకుతుంది. తిండి తగ్గితే మరీను. దానిపైన నొప్పికి పిరుదుకు డైక్లోఫెనాక్ సూది వేస్తే కండలోనూ రక్తం కారి గడ్డలా చేరవచ్చు, జీర్ణాశయం పొరా దెబ్బతింటుంది.

సూదికి ముందు ఐఎన్ఆర్, హిమోగ్లోబిన్, క్రియాటినిన్, బ్లడ్ గ్రూపు చూడాలి. తొలి గంటల్లో హిమోగ్లోబిన్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, అందుకే కొన్ని గంటల తర్వాత మళ్లీ చూడాలి. రక్తం గడ్డకట్టనివ్వని కొత్త తరహా మాత్రలు డాబిగాట్రాన్, రివరోక్సాబాన్, అపిక్సాబాన్ వాడేవారిలో ఐఎన్ఆర్ మామూలుగా ఉన్నా నమ్మలేం. చివరి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో అడగాలి.

తర్వాత సీటీ. ముందు కాంట్రాస్ట్ (స్కాన్‌లో రక్తనాళాలు తెల్లగా కనిపించేందుకు నరంలోకి ఎక్కించే మందు) లేకుండా తీయించాలి. తాజా రక్తం దానంతటదే తెల్లగా కనిపిస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్లుండే గోడ సెంటీమీటరు దాటి, తెల్లటి ఉంగరంలా తేలుతుంది. కాంట్రాస్ట్ ఎక్కించాక తీస్తే గోడంతా మెరిసి ఈ తేడా పోతుంది. ఆ తర్వాతే కాంట్రాస్ట్‌తో రక్తనాళాలు చూడాలి. ఎందుకంటే ఇదే రోగికి పేగు ధమనిలో గడ్డ అడ్డుపడినా నొప్పి ఇలాగే వస్తుంది. ఐఎన్ఆర్ తక్కువగా ఉంటే ఆ అనుమానం ముందు రావాలి. ధమనిలో గడ్డకు హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని సూదిమందు) కావాలి, గోడలో రక్తం చేరినవారికి అదే హెపారిన్ ప్రాణం తీయవచ్చు. ఊహతో తేల్చేది కాదిది.

గోడలో రక్తమేనని తేలితే కత్తి అవసరం చాలామందికి రాదు. మాత్ర ఆపి, ముక్కులో గొట్టం వేసి, నోటికేమీ ఇవ్వకుండా సెలైన్ పెడతారు. వార్ఫరిన్ తరహా మందైతే విటమిన్ కె నరంలోకి నెమ్మదిగా ఎక్కిస్తారు. అది పనిచేయడానికి గంటలు పడుతుంది కాబట్టి పరిస్థితి విషమంగా ఉంటే పీసీసీ (రక్తం గడ్డకట్టించే అంశాలను గాఢంగా చేర్చిన మందు), అది లేకపోతే ప్లాస్మా ఇవ్వాలి. పేగు చిల్లుపడినా, కుళ్లినా ఆపరేషన్ తప్పదు.

ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితంలో మాత్ర మళ్లీ ఏ తేదీన, ఎంత మోతాదులో మొదలుపెట్టాలో, ఐఎన్ఆర్ ఎప్పుడు చూడాలో గుండె డాక్టరుతో రాయించాలి. ఆ ఒక్క వరుస లేక మాత్ర మానేసినవారికి లోహపు కవాటం మీద గడ్డ కట్టవచ్చు.