వేర్పాటుకు దారి లేదు, వాటాకు ఉంది

కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా దగ్గర పేచీ వచ్చినప్పుడల్లా దక్షిణాదిలో ‘ప్రత్యేక దేశం’ మాట లేస్తోంది. 2024 ఫిబ్రవరిలో, మధ్యంతర బడ్జెట్ నాడు, కర్ణాటక ఎంపీ ఒకరు ఆ మాటే అన్నారు. ప్రత్యేక రాష్ట్రం సాధించుకున్న తెలంగాణలో ఇదీ సాధ్యమేనని నమ్మేవారుంటారు. ఆ నమ్మకం తప్పు.

తెలంగాణ వచ్చింది రాజ్యాంగం 3వ అధికరణం కింద. అది దేశం లోపలి సరిహద్దులు మార్చే అధికారం, అదీ పార్లమెంటుది. 2014 జనవరిలో ఉమ్మడి శాసనసభ బిల్లును తిరస్కరించినా ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. దేశం నుంచి వైదొలగడానికి అసలు అధికరణమే లేదు. మనది రాష్ట్రాలు ఒప్పందం చేసుకుని ఏర్పరచిన సమాఖ్య కాదని, అందుకే విడిపోయే హక్కు దేనికీ లేదని 1948 నవంబర్ 4న అంబేడ్కర్ రాజ్యాంగ సభలో స్పష్టం చేశారు. వేర్పాటును సమర్థించడమే 1967 నాటి చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) కింద నేరం.

భూభాగాన్ని రాజ్యాంగ సవరణతో వదులుకోవచ్చని 1960లో, పశ్చిమ బెంగాల్‌లోని బెరుబారి ప్రాంతంలో కొంత పాకిస్తాన్‌కు ఇచ్చే వ్యవహారంలో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. 2015లో బంగ్లాదేశ్‌తో భూభాగాల మార్పిడి 100వ సవరణతోనే జరిగింది. కానీ అక్కడ వదులుకున్నది దేశం, తెంచుకున్నది రాష్ట్రం కాదు. తమ దేశంలోని క్యూబెక్ రాష్ట్రానికి ఏకపక్షంగా విడిపోయే హక్కు లేదన్న కెనడా సుప్రీంకోర్టు, స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే చర్చలకు కూర్చోవాల్సిందేనని 1998లో తేల్చింది. మన రాజ్యాంగంలో ఆ మాత్రం బాధ్యత కూడా ఎవరి మీదా లేదు.

ఆచరణ ఇంకా కష్టం. పైన కేంద్రం, సుప్రీంకోర్టు ఉండగానే రెండు తెలుగు రాష్ట్రాల మధ్య విభజన చట్టం 9, 10 షెడ్యూళ్లలోని ఉమ్మడి సంస్థల ఆస్తుల తగవు పదేళ్లు దాటినా తెగలేదు. కృష్ణాలో 811 టీఎంసీలకు 2015లో కుదిరిన, ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అన్న పంపకం తాత్కాలిక సర్దుబాటే. మధ్యలో అంతర్జాతీయ సరిహద్దు పడితే తీర్పు చెప్పే ట్రైబ్యునలూ మిగలదు. తెలంగాణకు సముద్రం లేదు. ఓడలో వచ్చే ప్రతి సరుకూ పరాయి దేశపు కస్టమ్స్ దాటి హైదరాబాద్ చేరాలి. 2013 డిసెంబర్ 31 నుంచి దక్షిణ గ్రిడ్ జాతీయ గ్రిడ్‌తో ముడిపడి ఉంది. కరెంటు ఒప్పందాలన్నీ మళ్లీ రాసుకోవాలి. కరెన్సీ, అప్పులు, పింఛన్లు, పాస్‌పోర్టులు సరేసరి.

వాటాలో అన్యాయం మాత్రం నిజం. రాష్ట్రాలకు పంచే కేంద్ర పన్నుల్లో 14వ ఆర్థిక సంఘం తెలంగాణకు ఇచ్చిన 2.437 శాతాన్ని 15వది 2.102కు కోసింది. పన్నుల మీద కేంద్రం అదనంగా వేసే సెస్సులు, సర్‌చార్జీలైతే పంపిణీ పద్దులోకే రావు. వాటికి పరిమితి పెడుతూ, పన్నుల పంపకాన్ని చెప్పే 270వ అధికరణాన్ని సవరించాలని అయిదు దక్షిణాది రాష్ట్రాల 129 మంది లోక్‌సభ సభ్యులు పార్టీలకు అతీతంగా పట్టుబట్టాలి.